ఆటస్థలము చూడని యాత్ర

దేశాటనము విద్యలో నొక భాగమని మన పెద్దలు ఏనాడో గుర్తించిరి. ఆ మాటను మన్నించియే ప్రతి సంవత్సరము మన పాఠశాలలనుండి బాలబాలికలు విహారయాత్రలకు పోవుచున్నారు. కోణార్కము చూచుచున్నారు. పూరీ సముద్రతీరమున నిలుచుచున్నారు. నేడు కోల్‌కతా అనబడు కలకత్తాకు పోయి విక్టోరియా స్మారకభవనమును, జంతుప్రదర్శనశాలను, హౌరా వంతెనను చూచి వచ్చుచున్నారు. తిరిగివచ్చిన పిమ్మట వ్యాసములు వ్రాయుచున్నారు. ఆ వ్యాసములలో రథచక్రములకు ఆకులెన్నియో యుండును. వంతెన పొడవెంతయో యుండును. రైలు ఎన్ని గంటలకు బయలుదేరినదో కూడ నుండును. ఆ యూరి మనుష్యులు మాత్రము కనబడరు. వారు దేనికి సంతోషింతురో, దేనికి కంట తడి పెట్టుదురో, పని ముగిసిన తరువాత సాయంకాలము ఎక్కడ చేరుదురో ఒక్క వ్యాసమునందును కానరాదు.

ఒక యూరిని ఎరుగుటకు ఆలయము, కోట, వస్తుప్రదర్శనశాల చాలవనియు, ఆ యూరి ఆటస్థలమును, దానిచుట్టు చేరు ప్రేక్షకులను చూడవలెననియు నా యభిప్రాయము. ఇది ఎల్లరకును మంచిదే. పరభాషా రాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారమైన మనకు మరింత యవసరము. అంగడిలో బేరమాడుటకు భాష కావలెను. కచేరీలో అర్జీ యిచ్చుటకు భాష కావలెను. ఆటస్థలమున మాత్రము బంతి గోలులో పడినప్పుడు ప్రక్కవానితో కలిసి లేచి చప్పట్లు కొట్టుటకు ఏ భాషయు నక్కరలేదు. పరిచయము అచ్చట ముందు కలుగును. మాటలు తరువాత వచ్చును.

కలకత్తానే తీసికొందము. ఆ నగరమధ్యమునందు మైదానమను విశాలమైన పచ్చికబయలు కలదు. ఫుట్‌బాలు సంఘముల విడుదులు అందున్నవి. వానిని నేటికిని టెంటులనియే పిలుతురు. మోహన్ బగాన్ సంఘము 1889లోను, మొహమ్మడన్ స్పోర్టింగు 1891లోను, ఈస్ట్ బెంగాల్ 1920లోను స్థాపింపబడెను. 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్ వారు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2–1 గోళ్లతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిరి. ఒక్కడు తప్ప తక్కిన పదిమంది పాదరక్షలు లేకయే ఆడిరి. బూట్లు తొడిగిన పాలకుల జట్టును వట్టికాళ్ల జట్టు ఓడించుట ఆనాటి ప్రజలకు ఎట్టి ధైర్యము నిచ్చి యుండునో యూహింపవచ్చును. విక్టోరియా భవనమును చూచువాడు పాలించినవారి వైభవమును చూచును. దానికెదుట పరచుకొనిన మైదానమున నిలిచినవాడు పాలింపబడినవారి పౌరుషమును చూచును. ఈ రెంటిలో మొదటిదానిని మాత్రమే చూచి తిరిగివచ్చుట సగము చరిత్ర చదివి పుస్తకము మూయుట వంటిది.

ఈస్ట్ బెంగాల్ కథ మనకు ఇంకను దగ్గరిది. 1947లో దేశము విభజింపబడినప్పుడు తూర్పు బంగాళమునుండి లక్షలాది జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి వచ్చిరి. వారి భాష బంగాళీయే. కాని వారి యాస వేరు, వంట వేరు. క్రొత్త యూరిలో వారు పరాయివారుగనే చూడబడిరి. తాము పోగొట్టుకొనిన సీమ పేరు ఒక ఫుట్‌బాలు సంఘమునకు నిలిచియుండుట వారికి గొప్ప ఊరటయయ్యెను. ఆ జట్టు గెలిచిన నాడు ఇలిష చేప వండుకొనుట వారి మర్యాద. మోహన్ బగాన్ గెలిచినచో ఆ పక్షమువారు రొయ్యలు వండుకొందురు. మన గోదావరి జిల్లాలవారు పులసయని మురియుచు కొనునదియు ఆ ఇలిష జాతి చేపయే యని తెలిసినచో ఆ కూర వాసన మనకు పరాయిది కాదనిపించును.

అంతకంటె చెప్పదగిన విషయ మొకటి కలదు. 1949, 1950, 1951 సంవత్సరములలో ఈస్ట్ బెంగాల్ వారు వరుసగా మూడుమార్లు షీల్డు గెలిచిరి. ఆ దినములలో ముందువరుసన ఆడిన వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను నైదుగురిని ఆ నగరవాసులు పంచపాండవులని పిలిచిరి. ఈ యైదుగురును దక్షిణదేశమునుండి పోయినవారు. శరణార్థుల ఆశలను మోసిన జట్టునకు భాష తెలియని దాక్షిణాత్యులు వీరులైరి. హిందువులు, మహమ్మదీయులు కలిసిన ఆ గుంపునకు ప్రజలు భారతములోని పేరు పెట్టుకొనిరి. ఏ సభలోను తీర్మానము చేసి సాధింపలేని ఐకమత్యమును ఆటస్థలము ఏ తీర్మానమును లేకయే సాధించినది.

ఇక మహారాష్ట్రము. సోలాపురమున తెలుగు చేనేతకుటుంబములు పెక్కు తరములుగా స్థిరపడియున్నవి. వారి పిల్లలు కొల్హాపురము పోయినచో మహాలక్ష్మీ యాలయము తప్పక దర్శింతురు. అదే పట్టణమున శాహూ మహారాజు కట్టించిన ఖాస్‌బాగ్ మల్లయుద్ధరంగము కలదు. ఊరిలో పలుతావుల తాలీములు కలవు. ఆ మాట మనకు క్రొత్తది కాదు. తాలింఖానా యని మన తాతలు అనుచుండిరి. తాలీములోని ఎఱ్ఱమట్టిని పసుపు, మజ్జిగ, నూనె, నిమ్మరసము కలిపి మెత్తబరచుదురు. గోడను ఆంజనేయుని పటముండును. పాదరక్షలు విడువక ఆ మట్టిపై ఎవ్వరును అడుగిడరాదు. ఆ జిల్లాల మట్టిలో పెరిగిన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో కుస్తీయందు కంచుపతకము పొందెను. స్వతంత్ర భారతదేశమునకు వ్యక్తిగతముగా లభించిన తొలి ఒలింపిక్ పతకము అదియే. ఆయన ప్రయాణవ్యయమునకై ఊరివారు చందాలు పోగుచేసిరి. ఆయన చదివిన రాజారాం కళాశాల ప్రధానాచార్యుడు తన యింటిని తాకట్టు పెట్టెను. శిష్యుని ఆటకొరకు ఇల్లు కుదువపెట్టిన గురువు కలడని తెలిసికొనుటకు ఆ యూరు పోయిన ఫలము చాలును.

దూరదేశములకు పోవలసిన పనియు లేదు. మన యొడిశాలోనే సుందరగఢ్ జిల్లా కలదు. అచ్చటి ఆదివాసి గ్రామములలో హాకీ పండుగవంటిది. గ్రామముల పోటీలలో గెలిచిన జట్టునకు మేకపోతును బహుమానముగా నిత్తురు. ఊరంతయు కలిసి దానిని వండుకొని తిందురు. కాబట్టి గెలుపు పదునొకండుగురిది కాదు, ఊరిది. వెదురుకఱ్ఱలతోను, వంపుకొమ్మలతోను ఆట నేర్చిన ఆ పల్లెలనుండియే దిలీప్ తిర్కీ వచ్చి భారతజట్టునకు నాయకుడై నాలుగువందలకు పైబడిన అంతర్జాతీయపోటీలలో ఆడెను. ఆ జిల్లా కన్య దీప్ గ్రేస్ ఎక్కా 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందిన భారత మహిళాజట్టున ఆడెను. 2023 జనవరిలో ప్రపంచహాకీ పోటీలు భువనేశ్వరముతోపాటు రూర్కెలాలో క్రొత్తగా కట్టిన బిర్సా ముండా క్రీడారంగమున కూడ జరిగెను. రూర్కెలా యనగా ఉక్కు కర్మాగారమని మాత్రమే వ్రాయు విద్యార్థి ఆ జిల్లాలో సగమును విడిచినవాడగును.

ఆటస్థలమునందు ఊరి గుణము తెలియుటకు ఇంకొక నిదర్శనము. 1999 జనవరి 31వ తేదీన మదరాసు చేపాకు మైదానమున భారతజట్టు పాకిస్తాను చేతిలో 12 పరుగుల తేడాతో ఓడిపోయెను. గెలుపు చేతికందినట్లే యంది జారిపోయినది. అట్టి బాధలో సైతము అచ్చటి ప్రేక్షకులు లేచి నిలిచి, మైదానముచుట్టు తిరుగుచున్న ప్రత్యర్థులకు కరతాళధ్వనులతో గౌరవము చేసిరి. చెన్నపట్టణమును గూర్చి వ్రాయుచు ఆ నిమిషమును విడిచి, సముద్రతీరమును మాత్రము వర్ణించుట న్యాయము కాదు.

ఆట చూచుట మైదానముననే జరుగవలెనని లేదు. ఇంగ్లండు, అమెరికా దేశములలో పానశాలల గోడలకు దూరదర్శన యంత్రములు అమర్చి, పోటీలు జరుగు దినమున ఊరివారు అచ్చట గుమిగూడుదురు. ఆ దేశములకు పోవు ప్రయాణికులు మంచి పానశాల యేది, ఏ పక్షమువారు ఎందు కూర్చుందురు అని విచారించి పోవుదురు. వారు వెదకునది పానీయమును మించినది. తోడు కూర్చుండి కేక వేయువారిని. మన దేశమున ఆ పనిని టీ దుకాణము చేయుచున్నది. ఫుట్‌బాలు ప్రపంచపోటీల దినములలో కేరళదేశపు పల్లెలలో అర్జెంటీనా, బ్రెజిలు ఆటగాండ్ర నిలువెత్తు చిత్రములు వీధుల నిలుపుదురు; రాత్రులు తెరలు కట్టి పల్లెయంతయు కూర్చుండి చూచును. ఆ చావడిలో ఒక గాజుగ్లాసు టీ త్రాగుచు కూర్చుండిన పరదేశి అరగంటలో పరదేశి కాకుండ పోవును. మద్యమునకు ఈ సంతోషమున స్థానము లేదు, అవసరమును లేదు.

మంచి ఆటస్థలమును కనుగొనుటెట్లని విద్యార్థులు అడుగవచ్చును. అది కష్టము కాదు. దిగిన యూరిలో రిక్షావానిని, ఆటోవానిని విచారింపుడు. విడిదివారికంటె వారికే ఎక్కువ తెలియును. స్థానిక వార్తాపత్రికలో ఆ జిల్లా పుట తెరచి చూడుడు. భాష చదువ రాకున్నను జట్ల పేర్లు, అంకెలు తెలియును. ఆటసామానుల దుకాణమునందు ఏ వస్తువులు ముందువరుసన వ్రేలాడుచున్నవో గమనింపుడు. ఊరి మక్కువ యేదో తెలిసిపోవును. సాయంకాలము నాలుగు గంటల వేళ పిల్లలు ఏ దిక్కునకు పరుగెత్తుచున్నారో చూచి ఉపాధ్యాయునితో కలిసి ఆ దిక్కునకే పోవుడు. మర్యాదలు కొన్ని కలవు. రెండు పక్షములు విడివిడిగా కూర్చుండు చోట ముందడిగి కూర్చుండవలెను. ఓడినవారి నెదుట నవ్వరాదు. పందెము కాయువారు పిలిచినచో దూరముగా పోవలెను. తెలియని నియమమును ప్రక్కనున్న ముసలివాని నడిగినచో ఆయన ఆనందముతో చెప్పును. ఆట చూచు ముసలివారు అడుగువారికొరకు ఎదురుచూచుచుందురు.

దీనికి తల్లిదండ్రులు చెప్పు ఆక్షేపణలు మూడు. వానిని త్రోసివేయుట తగదు, సమాధానము చెప్పవలెను.

మొదటిది, చదువు చెడునని. యాత్రలో ఒక సాయంకాలము రెండు గంటలు ఆటస్థలమున గడుపుటవలన ఏ పరీక్షయు తప్పదు. అంగళ్లలో ప్లాస్టిక్ బొమ్మలు కొనుటకు అంతకంటె ఎక్కువ కాలము పోవుచున్నది.

రెండవది, జనసమ్మర్దమున ప్రమాదము కలుగునని. ఈ భయము నిజమైనది. 1980 ఆగస్టు 16వ తేదీన కలకత్తా ఈడెన్ ఉద్యానమున మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల పోటీలో ప్రేక్షకులు కలహించి, త్రొక్కిసలాటలో పదునారుగురు మరణించిరి. నేటికిని ఆ దినమును అచ్చట స్మరించుచున్నారు. కావున విద్యార్థులను పెద్దపోటీలకు కొనిపోవలెనని నేను చెప్పను. ఉదయము అభ్యాసము చేయు జట్టును చూపుడు, తాలీమును చూపుడు, పాఠశాలల మధ్య జరుగు పోటీని చూపుడు. ఊరి గుణము అచ్చటనే ఇంకను స్పష్టముగా కనబడును. బాలికలను విడిదిలో కూర్చుండబెట్టి బాలురను మాత్రము కొనిపోవు వాడుక మానవలెను. దీప్ గ్రేస్ ఎక్కాను కన్న జిల్లా గల రాష్ట్రమున ఆ వాడుకకు సమర్థన లేదు.

మూడవ ఆక్షేపణ పైకి చెప్పనిది, కాని బలమైనది. పిల్లలు ఒడియా పిల్లలతో ఎక్కువగా కలిసినచో తెలుగు మరచిపోవుదురని పెద్దల మనస్సులో నొక బెంగ కలదు. ఈ బెంగను నేను గౌరవింతును. మన బడులలో పిల్లల సంఖ్య తగ్గుచుండుట చూచువారికి అట్టి బెంగ కలుగుట సహజము. అయినను దానికి మందు పిల్లలను గోడల నడుమ నుంచుట కాదని కొడగు జిల్లావారు చూపినారు.

కర్ణాటకమునందలి కొడగు చిన్న జిల్లా. కొడవ భాష మాటలాడువారు కొద్దిమంది. కుటుంబమును వారు ఒక్కయందురు. 1997లో పాండండ కుట్టప్ప యను పెద్దమనిషి ఒక యాలోచన చేసెను: ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క జట్టుగా హాకీ ఆడవలెనని. మొదటి సంవత్సరము కరడ గ్రామమున 60 కుటుంబములు ఆడినవి. ప్రతిసారియు ఒక కుటుంబము భారము వహించును. కప్పునకు ఆ కుటుంబము పేరే పెట్టుదురు. తాత, మనుమడు, కోడలు, కూతురు ఒకే జట్టున దిగవచ్చును. ఎక్కడెక్కడనో ఉద్యోగములు చేయువారు ఆ దినములకు ఇల్లు చేరుదురు. ఆట జరుగుచుండగా ప్రేక్షకులకు చెప్పు వ్యాఖ్యానము కొడవ భాషలో సాగును. 2024 నాటికి ఆడు కుటుంబముల సంఖ్య 360కి పెరిగినది. కన్నడము చుట్టు ముట్టియున్న సీమలో ఒక చిన్న భాష తన పేర్లను, బంధుత్వములను, మాటలను ఆటస్థలమున భద్రపరచుకొన్నది. దానిని చూచుటకు అన్యభాషలవారు రావచ్చును, వచ్చుచున్నారు. తలుపు తెరచియుంచియే ఇల్లు నిలుపుకొనిరి.

మనవారిలోను నిదర్శనము లేకపోలేదు. 1932లో భారతదేశపు తొలి క్రికెట్ టెస్టుజట్టునకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించెను. చుట్టు మరాఠీ, హిందీ భాషలుండగా ఆయన పెరిగెను. ఆయన తన పేటలోనే ఆడుకొని యుండినచో దేశమాయనను ఎరిగియుండదు.

భాషల చుట్టరికమును సైతము ఆట చూపును. మనము చెడుగుడు అనునది తమిళులకు సడుగుడు, బంగాళమున హాడుడు, మహారాష్ట్రమున హుతుతు. ఆడునప్పుడు ఊపిరి విడువక అను కూత మారినది. ఊపిరి పట్టవలెనను నియమము మారలేదు. ఈ సంగతి వ్యాకరణపాఠమున చెప్పిన మరచిపోవు బాలుడు ఆటలో కనుగొన్నచో జీవితాంతము మరువడు.

కావున నా విన్నపములు మూడు. పాఠశాల పెద్దలు ప్రతి విహారయాత్రలోను ఒక సాయంకాలమును ఆటస్థలమునకు కేటాయింపవలెను. దాని పేరు కార్యక్రమపత్రమున ఆలయముల పేర్ల ప్రక్కనే వ్రాయవలెను. మన వార్షిక క్రీడోత్సవమునకు ప్రక్కనున్న ఒడియా పాఠశాలవారిని పిలిచి, వ్యాఖ్యానమును విద్యార్థులే తెలుగునను ఒడియాయందును చెప్పవలెను. కూత, పట్టు, గీత మొదలగు మన మాటలు అప్పుడు వారి చెవిని పడును. వారి మాటలు మన చెవిని పడును. మాట పదిమంది చెవిని పడుచున్నంత కాలము చావదు. తల్లిదండ్రులు సాయంకాలము ఒక గంట పిల్లలను వీధిమైదానమునకు విడువవలెను, ఆడపిల్లలను కూడ.

విద్యార్థులారా! రాబోవు యాత్రనుండి తిరిగివచ్చి మీరు వ్రాయు వ్యాసములో చక్రముల ఆకులెన్నియో వ్రాయుడు, తప్పు లేదు. దానితోపాటు ఆ యూరిలో ఎవరెవరు ఏ ఆట ఆడుచుండిరి, చూచువారు ఏమని కేకలు వేసిరి, మీ ప్రక్కన కూర్చుండినవారు ఎవరు, వారివద్ద మీరు నేర్చిన క్రొత్త మాట యేది, మీరు వారికి నేర్పిన తెలుగు మాట యేది అను నైదు సంగతులు కూడ వ్రాయుడు.